చాలు అనే మనిషి

కాగుల గది, కిటికీ పక్క బల్ల

పిచ్చుకకి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటని ముక్కున వేలేసుకోకు. ఫోనులో మనిద్దరి మాటలు మూడో వాక్యానికల్లా పోట్లాటలోకి దిగుతాయి. ఉత్తరమైతే నీ కోపం నా దాకా రావడానికి నాలుగు రోజులైనా పడుతుంది, ఆలోగా చల్లారుతుంది. పైగా ఇది ఇంగ్లీషు వ్యవహారం. చెవితో వింటే నాకు నిలవదు, కాగితం మీద ఉండాలి.

సంగతేమిటంటే, మీ ఊళ్ళో నాటకాల హాలు మేనేజరు మన అద్దకం షెడ్డుకి వచ్చాడు. ఆ హాల్లో వేదిక మీది ఎర్ర తెర నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు ఒకటో తరగతిలో ఉండగా నాన్న అద్దిన తెర అది. కరెంటు తీగ రాజుకుని ఎడమ సగం కాలిపోయిందట. కుడి సగానికి ఏమీ కాలేదు. కొత్త మఖమల్ గుడ్డ వాళ్ళే తెచ్చిస్తారు, దాన్ని మనం పాత సగంతో కలిసిపోయే ఎరుపులో అద్దాలి. తెర మూసినప్పుడు రెండు సగాలూ మధ్యలో కలుసుకుంటాయి కదా, అక్కడ తేడా ఉంటే హాల్లో కూర్చున్న ప్రతివాడికీ కనిపిస్తుంది. నాన్న పేరు నిలబడేదీ అక్కడే, పోయేదీ అక్కడే.

మేనేజరు మంచివాడే. కాని ఇంటికెళ్ళి ఇంగ్లీషులో ఉత్తరం పంపాడు. వాళ్ళ ఆఫీసులో రాతకోతలన్నీ ఇంగ్లీషేనట. అందులో ఒక మాట అడుగడుగునా తగులుతోంది. ఎస్టిమేట్. రంగు ఎంత పడుతుందో ఎస్టిమేట్ చెయ్యండి, రోజులు ఎస్టిమేట్ చెయ్యండి, గుడ్డ ఎంత కుదించుకుపోతుందో ఎస్టిమేట్ చెయ్యండి. మోటారు బాగుచేసేవాడు ముందుగా రాసిచ్చే కాగితాన్ని ఎస్టిమేటు అంటారని నాకూ తెలుసు. కాని దాన్ని చెయ్యమంటే ఏం చెయ్యాలి? కచ్చితంగా చెప్పమంటున్నాడా, తోచింది చెప్పమంటున్నాడా? కచ్చితంగా అయితే నా వల్ల కాదని రాసేస్తాను. తోచింది చెప్పడం నాన్న ఒప్పుకునేవాడు కాదు.

రెండో సంగతి. అద్దే రోజున నువ్వు రావాలి. నా చేతి మీద నాకు నమ్మకం ఉంది గాని ఈ ఎరుపు నా ఒక్కదాని కంటికి లొంగేది కాదు. పొయ్యి మావయ్య ఉన్నాడుగా అంటావేమో. నాన్న నాటి నుంచి పొయ్యి ముందు కూర్చున్న మనిషి, మంట విషయంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. రంగుల్లో మాత్రం ఆయనకి తెలిసినవి రెండే. తడిది, ఆరింది.

అక్క


స్టాఫ్ రూము, బీరువా పక్క కుర్చీ

అక్కా,

నీ ఉత్తరం బడి చిరునామాకి వచ్చేసరికి తోటి టీచర్లంతా నా చుట్టూ మూగారు. ప్రేమలేఖ కాదని, ఇంగ్లీషు సందేహమని తెలిశాక ఎవరి కుర్చీలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ముందు పాఠం చెప్తాను, చెవిన పెట్టు. ఇంగ్లీషులో గెస్ అని ఒక మాట ఉంది. చేతిలో ఏ ఆధారమూ లేకుండా తోచింది అనేయడం. కేలిక్యులేట్ అని ఇంకొకటి ఉంది. అన్నీ తెలిసినప్పుడు లెక్క కట్టి ఇంత అని తేల్చేయడం. ఎస్టిమేట్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. తెలిసినదాన్ని గట్టిగా పట్టుకుని తెలియనిదానికి వీలైనంత దగ్గరగా వెళ్ళడం. తప్పు రావచ్చని ముందే ఒప్పుకుంటూ, ఆ తప్పు పెద్దది కాకుండా చూసుకోవడం.

వాడకం గురించి కూడా విను. ఎస్టిమేట్ పక్కన ఎగ్జాక్ట్లీ పెట్టకూడదు, రెండూ ఒక ఒరలో ఇమడవు. వుయ్ ఎస్టిమేట్ దట్ అని మొదలుపెట్టి, తర్వాత చెప్పదలుచుకున్నది చెప్పాలి. మోటారువాడు ఇచ్చే కాగితాన్ని పలికేటప్పుడు చివర మిట్ అన్నట్టు తేలిపోతుంది, పని చెయ్యడం అన్నప్పుడు మాత్రం మేట్ అని నిండుగా పలకాలి. ఉన్నదానికంటే ఎక్కువ వేసుకుంటే ఓవరెస్టిమేట్, తక్కువ వేసుకుంటే అండరెస్టిమేట్. జవాబు ఇంగ్లీషులో రాసి నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

అద్దే రోజున తప్పకుండా వస్తాను. తేదీ మాత్రం ముందుగా చెప్పు, సెలవు అడగాలి.

నీ చెల్లెలు


కాగుల గది

పిచ్చుకకి,

అంచనా అని ఒక్క ముక్క చెబితే తెమిలిపోయేదానికి అంత పాఠమా? నీ దగ్గర చదివే పిల్లల ఓపికకి మొక్కాలి. అయినా చదివాను, రెండుసార్లు చదివాను. చదివాక నవ్వొచ్చింది. నాన్న పొద్దస్తమానం చేసింది అదే కదా. గుడ్డ బరువు చేత్తో ఎత్తి చూడటం, నీళ్ళు నాలిక మీద వేసుకుని ఉప్పదనం చూడటం, పోయినసారి ఇలాంటి గుడ్డ ఎంత రంగు తాగిందో గుర్తు చేసుకోవడం, చివర ఒక గరిటె ఎక్కువ కలపడం. ఆ ఎక్కువ గరిటె ఎందుకో నీకు తెలుసు. తక్కువైతే మళ్ళీ కలిపిన రంగు మొదటిదానికి అచ్చం సరిపోదు. ఒకే కాగులో, ఒకసారి కలిపిన రంగుతోనే అయిపోవాలి. ఆ మనిషి రోజూ ఎస్టిమేట్ చేశాడు, ఆ మాట ఉందని తెలియకుండానే పోయాడు.

కాని అంచనా అంతా కాగు కిందకి మంట వెయ్యకముందే. మంట వేశాక అంచనా పనికిరాదు, కన్ను కావాలి. నీకు జ్ఞాపకం ఉందో లేదో. నాన్న నిన్ను బోర్లించిన గాబు మీద కూర్చోబెట్టేవాడు. గుడ్డ మూల పిండి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని నీ వైపు చూసేవాడు. "ఇంకా?" అనేవాడు. "ఇంకా" అనేదానివి. మళ్ళీ ముంచేవాళ్ళం. "ఇంకా?" "ఇంకా." నా చేతులు పీక్కుపోయేవి. చివరికి నువ్వు కాళ్ళూపుకుంటూ "చాలు" అనగానే, ఇంట్లో నిప్పంటుకున్నట్టు అందరం పరిగెత్తి గుడ్డ బయటికి లాగేవాళ్ళం. నేను పదహారేళ్ళదాన్ని, కాగు ఎత్తే మనిషిని. నువ్వు పాలపళ్ళ పిల్లవి. నీ మాటకి ఉన్న విలువ నా మాటకి లేదని నాకు ఒళ్ళు మండేది. కాని నువ్వు చాలు అన్న ఏ గుడ్డా వెనక్కి రాలేదు, అది ఒప్పుకోవాలి.

నా జవాబు ఇదిగో. వుయ్ ఆర్ ఎస్టిమేట్ ఎగ్జాక్ట్లీ టూ వీక్స్. ఎగ్జాక్ట్లీ వద్దన్నావని తెలుసు, అది లేకపోతే ధైర్యం చాలని మాటలా ఉంది. నీ ఇష్టం, కొట్టేస్తే కొట్టెయ్యి.

ఇంకొకటి. ఒక వస్తువు ఇంకా ఎంతకాలం పనిచేస్తుందని ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పెద్దమనిషిని మర్యాదగా అడగాలంటే ఇదే మాట వాడొచ్చా?

అక్క


నా గది, మేడమీద

అక్కా,

ఆర్ కొట్టేశాను. ఎగ్జాక్ట్లీ కూడా కొట్టేశాను. వుయ్ ఎస్టిమేట్ దట్ ది వర్క్ విల్ టేక్ టూ వీక్స్. ఇందులో ధైర్యం తక్కువేమీ లేదు. నాకు తెలిసినంతలో ఇది, కాకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం అని చెప్పడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందని మేనేజరు అడుగుతున్నాడా? లేక ఇస్త్రీ పెట్టె కొత్తది కొంటున్నావా? ఏదైనా వాక్యం ఒకటే. కెన్ యూ ఎస్టిమేట్ హౌ లాంగ్ ఇట్ విల్ లాస్ట్? ముందు ప్లీజ్ తగిలించు, ఎంతటివాళ్ళైనా మెత్తబడతారు.

ఒక ఫిర్యాదు. నీ అక్షరాలు ఏమిటి రోజురోజుకీ గుమ్మడికాయలవుతున్నాయి? ఈసారి పేజీకి పట్టుమని పది వరసలు లేవు. కాగితాల కొట్టువాడితో ఏమైనా ఒప్పందమా? గీత మీద నిలబడకుండా ఒకటి కిందకీ ఒకటి పైకీ పోతున్నాయి. మా ఒకటో తరగతిలో చేర్చుకుంటారేమో కనుక్కుంటాను.

గాబు మీద కూర్చోవడం నాకు గుర్తుంది. దానికంటే ఎక్కువగా గుర్తున్నది వేరే. మర్నాడు బడికి వెళితే నా గోళ్ళు చూసి పక్క పిల్లలు బెంచీ చివరికి జరిగేవాళ్ళు. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా. జబ్బేమో అనుకునేవాళ్ళు. నేను ఇంగ్లీషు ఎందుకంత పట్టుదలగా నేర్చుకున్నానో ఎవరైనా అడిగితే గొప్ప కారణాలు చెప్తాను. అసలు కారణం చేతులు శుభ్రంగా ఉండే ఉద్యోగం కావాలనిపించడం. ఇప్పటికీ సుద్దముక్క పట్టుకునే ముందు ఒకసారి గోళ్ళు చూసుకుంటాను. నవ్వకు.

వస్తాను. గాబు కడిగి ఉంచు.

నీ చెల్లెలు


కాగుల గది, గుమ్మం దగ్గర

పిచ్చుకకి,

వానలు తెరిపిచ్చాయి. మఖమల్ ఆరడానికి గట్టి ఎండ కావాలి, వచ్చే వారానికి కాసేలా ఉంది. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం పొద్దున్నే కాగు కింద మంట వేస్తున్నాం. గుడ్డ ముందురోజు శనివారమే నానబెడతాను. నానిన గుడ్డ ఆగదు, కాబట్టి రోజు మారదు. హాల్లో కొత్త నాటకాలు మొదలయ్యే లోపు తెర వేలాడాలట.

నీ వాక్యం పనికొచ్చింది. అడగవలసినాయన్ని అడిగాను. ప్లీజ్ కూడా తగిలించాను. మెత్తబడలేదు గాని జవాబు చెప్పాడు.

నా గుమ్మడికాయల సంగతికి వస్తే, నువ్వు కూడా అలాగే రాయి. పెద్దగా, ఎడంగా. నల్ల సిరాతో రాయి, నీ నీలం సిరా నీళ్ళలా ఉంటోంది. ఎందుకని అడగకు, పెద్దదాన్ని చెప్తున్నాను, అంతే.

గాబు కడిగాను. నీ బరువుకి అది నిలుస్తుందా అని పొయ్యి మావయ్యకి బెంగ.

అక్క


స్టాఫ్ రూము

అక్కా,

పెద్దగా రాయమన్నావు కాబట్టి పెద్దగా రాస్తున్నాను. నేను వెక్కిరించినందుకు బదులు తీర్చుకుంటున్నావని తెలుసులే.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. సోమవారం మా బడికి తనిఖీ పెట్టారు. పైనుంచి మనుషులు వస్తున్నారు. ఇంగ్లీషు విభాగం నాకు అప్పగించాలా వద్దా అనేది ఆ రోజు నా పాఠం చూశాక తేలుస్తారట. ఆదివారం అక్కడుంటే సోమవారం పొద్దుటికి బస్సు దిగి, ఎర్రటి చేతులతో తరగతిలో నిలబడాలి. ఇన్నాళ్ళు దీనికోసం ఎదురుచూశాను, నువ్వే ఆలోచించు.

నువ్వు ఎన్ని గుడ్డలు అద్దలేదు? నన్ను గాబు మీద కూర్చోబెట్టింది నాన్న మురిపానికి. నిజానికి నీ కన్ను నా కన్నుకేమీ తీసిపోదు. నిన్ను నువ్వు అండరెస్టిమేట్ చేసుకోకు. చూశావా, పాఠం మరిచిపోకుండా మాట వాడుకలో పెట్టాను.

అయ్యాక గుడ్డ ముక్క ఒకటి కవరులో పంపు, చూసి చెప్తాను.

కోపం తెచ్చుకోకు.
నీ చెల్లెలు


కాగుల గది

పిచ్చుకకి,

తెర అయిపోయింది. మేనేజరు మనుషుల్ని పంపి పట్టుకెళ్ళాడు. నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం వచ్చింది, అప్పటికే గుడ్డ నానుతోంది.

ఆదివారం ఎండ బాగా కాసింది. రంగు అంచనా తప్పలేదు, అది నీకు చెప్పుకోవాలి. కాగులో చివరికి మిగిలిన నీళ్ళు దాదాపు తేటగా ఉన్నాయి. వేసిన రంగంతా గుడ్డ తాగేసింది, ఒలికిపోయిందీ లేదు, చాలనిదీ లేదు. నాన్న ఉంటే ఆ నీళ్ళు చూసి మీసం సవరించుకునేవాడు. గుడ్డ ముడుచుకోవడం కూడా నేను రాసిచ్చినంతే. మేనేజరు ఆ మాటే పదేపదే అన్నాడు. మీ ఎస్టిమేట్ చాలా బాగుందండీ అని.

మూల పిండి ఇస్త్రీ పెట్టి గుమ్మంలోకి తీసుకెళ్ళాను. ఒక చేత్తో కొత్తది, ఇంకో చేత్తో పాత తెర నుంచి కత్తిరించి ఇచ్చిన ముక్క పట్టుకున్నాను. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి "ఇంకా?" అన్నాను. గాబు ఖాళీగా ఉంది. పొయ్యి మావయ్య తలెత్తి "నన్నా అడుగుతున్నావు?" అన్నాడు.

"నిన్నే అనుకో మావయ్యా. ఎలా ఉంది?"

"బాగుంది."

"ఎప్పుడైనా బాగాలేదన్నావా నువ్వు?"

"ఎప్పుడైనా బాగాలేకుండా చేశావా నువ్వు?"

ఇంకోసారి ముంచి, చాలు అని నేనే అన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు. ఇద్దరం గుడ్డ లాగాం. మావయ్య వయసుకి అంత బరువు లాగకూడదు, అయినా లాగాడు.

నీ తనిఖీ బాగా జరిగిందా? విభాగం ఇచ్చారా? రాయలేదేం.

గుడ్డ ముక్క పంపడం లేదు. ముక్కలో తెలియదు, వేలాడితేనే తెలుస్తుంది. ఆ హాలు నీ ఇంటికి దగ్గరే కదా. ఒకసారి వెళ్ళు. తెర మూసి ఉన్నప్పుడు దూరంగా నిలబడి మధ్యలో చూడు. చూసి ఉన్నదున్నట్టు రాయి. అందరూ బాగుందంటున్నారు. అందరి మాటా నాకు అక్కర్లేదు, నీ మాట కావాలి.

అక్క


నాటకాల హాలు ఎదురుగా టీ కొట్టు, చివరి బల్ల

అక్కా,

మూడు వారాలుగా వెళ్ళాలని అనుకుంటూ వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళాను. నీ చెల్లెలినని చెప్పగానే మేనేజరు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. ఖాళీ హాలు. తెర మూయించి, దీపాలన్నీ వేయించాడు. నేను వెనక వరస దాకా నడిచి వెళ్ళి తిరిగాను.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. తేడా ఉంది.

కుడివైపు నాన్న ఎరుపు. ఇన్నేళ్ళ దుమ్ములోంచి కూడా వెలుగుతోంది. ఎడమవైపు ఎరుపే, కాని ఒక పిసరు గోధుమ రంగు వైపు వెళ్ళిపోయింది. ఇంకో రెండు ముంపులు ముందే ఆపి ఉండాల్సింది. మేనేజరుకి తెలియలేదు. తుడిచే ఆవిడని పిలిచి అడిగాను, ఆవిడకీ తెలియలేదు. కొత్తది కదండీ అందుకే అలా ఉందేమో అంది. బహుశా హాలుకి వచ్చేవాళ్ళలో చాలామందికి తెలియదు. కాని నేను చూశాక ఇక చూడకుండా ఉండలేకపోయాను. రెండు సగాలూ కలిసే చోట నిలువునా గీత గీసినట్టుంది.

ఒకటి మాత్రం అర్థం కావడం లేదక్కా. నువ్వు ఇది ఎలా ఒప్పుకున్నావు? గుమ్మంలో వెలుతురుకి రెండు ముక్కలూ పక్కపక్కన పట్టుకున్నానన్నావు. పగటి వెలుతురులో ఇంత తేడా నీ కంటికి ఆనకుండా ఎలా పోయింది? తొందరపడ్డావా? హాలువాళ్ళు తొందరపెట్టారా? నాన్నే ఉంటే ఆ గుడ్డ షెడ్డు దాటనిచ్చేవాడు కాదు.

కఠినంగా రాశానేమో. అడిగావు కాబట్టి రాశాను.

నీ చెల్లెలు


కాగుల గది

పిచ్చుకకి,

ఉన్నదున్నట్టు రాసినందుకు సంతోషం. నువ్వు అబద్ధం రాస్తావేమోనని భయపడ్డాను. రాసి ఉంటే ఇది నీకు చెప్పేదాన్ని కాదు.

నాకు కనపడలేదు.

పోయిన వేసవి నుంచి కళ్ళలో మధ్యన మచ్చ పడింది. చుట్టూ కనిపిస్తుంది, దేన్ని చూడాలనుకుంటే అది మాత్రం కనిపించదు. నీ ఉత్తరం చదవాలంటే పక్కకి చూస్తూ, దాన్ని కంటి కొసతో పట్టుకోవాలి. అందుకే పెద్దగా రాయమన్నాను. కంటి డాక్టరుకి మన మాట రాదు. ఆయన్ని అడగడానికే ఆ వాక్యం కావాల్సి వచ్చింది. ప్లీజ్ కెన్ యూ ఎస్టిమేట్ హౌ లాంగ్ ఇట్ విల్ లాస్ట్ అని బట్టీపట్టి అడిగాను. ఆయన ఒకసారి నా మొహంలోకి చూసి, రంగులు గుర్తుపట్టే చూపు వచ్చే వేసవి దాకా ఉండొచ్చని అంచనా వేశాడు. ఆ తర్వాత తిరిగి వచ్చేది కాదట.

వేసవి దాకా ఉంటే తెర పని గట్టెక్కుతుందని ఒప్పుకున్నాను. వానాకాలంలోనే చాలా వరకు పోయింది. ఆ ఆదివారం గుమ్మంలో రెండు ముక్కలు పట్టుకుంటే నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయి. ఒకటిగా ఉన్నాయని సంతోషపడలేదు, భయపడ్డాను. నాన్న ఎరుపుకి ఇంకో ఎరుపు అంత తేలిగ్గా ఒకటి కాదు.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే బడీ గిడీ వదిలేసి పరిగెత్తుకొచ్చేదానివి, అది నాకు తెలుసు. ఏడుస్తూ వచ్చేదానివి. నన్ను చూడ్డానికి వచ్చేదానివి. నాకు కావలసింది అది కాదు. నువ్వు రంగు చూడ్డానికి రావాలని ఉండేది. నీ అంతట నువ్వు వచ్చి, చిన్నప్పటిలా కూర్చుని, ఒక్కసారి చాలు అంటే వినాలని ఉండేది. ఆ ఆశ కోసం దాచాను. దాచకుండా ఉంటే తెర బాగుపడేదేమో. ఇప్పుడు ఇలా అనుకుని ఏం లాభం, ఆ తెర మనిద్దరికంటే ఎక్కువ కాలం అక్కడే వేలాడుతుంది.

నీ మీద కోపం లేదు. ఉద్యోగం సంగతి నాకు తెలియదా. ఇకమీదట నలుపు పని మాత్రమే తీసుకుంటానని మావయ్యతో చెప్పాను. నలుపు అద్దడానికి కన్నక్కర్లేదు. మావయ్య పొయ్యిలో పుల్లలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

నువ్వు నేర్పిన మాట ఇంకోసారి వాడాను. ఈసారి ఎవరికీ పంపడానికి కాదు, నాకోసమే. దిద్ది పంపు.

ఐ ఓవరెస్టిమేటెడ్ మై ఐస్.

అక్క


నా గది

అక్కా,

నల్ల సిరాతో, పెద్దగా, పేజీకి నాలుగే వరసలు రాస్తున్నాను. కాగితాలు ఎన్ని అయినా కానీ. గుమ్మడికాయలని నీ అక్షరాలని వెక్కిరించిన చేత్తోనే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడికి వెళ్ళలేదు. ఏడ్చాను. నువ్వు అన్నట్టే ఏడ్చాను, అన్నట్టే పరిగెత్తుకు రావాలనిపించింది. వస్తానని మాత్రం రాయడం లేదు. నేను వస్తానని రాసిన ప్రతిసారీ నువ్వు గాబు కడిగావు.

నువ్వు అడిగిన దానికి జవాబు ఇవ్వలేదు నేను. తనిఖీ జరిగిందా అన్నావు. జరగలేదు. వాయిదా పడిందని శుక్రవారమే చెప్పారు. శనివారం బస్సెక్కితే ఆదివారం తెల్లారేసరికి నీ గుమ్మంలో ఉండేదాన్ని. వాయిదా పడ్డాక కూడా రాలేదు. ఇంట్లోనే ఉన్నాను. బట్టలు ఉతుక్కున్నాను, పిల్లల కాగితాలు దిద్దాను. ఒకసారి వస్తే మళ్ళీ మళ్ళీ రమ్మంటావని, గోళ్ళలోకి మళ్ళీ రంగు వస్తుందని అనిపించింది. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు. నువ్వు గుమ్మంలో వెనక్కి తిరిగి ఇంకా అని అడిగిన వేళకి నేను చేతులు సబ్బుతో కడుక్కుంటూ ఉండి ఉంటాను.

నీ వాక్యం చూశాను. క్రియ సరిగ్గా వాడావు, కాలం సరిగ్గా ఉంది, స్పెల్లింగు తప్పు లేదు. కాని నిజం కాదక్కా. నీ కళ్ళ మీద నువ్వు వేసుకున్న అంచనా డాక్టరు చెప్పినదే, అది నీ తప్పు కాదు. అందుకని చివరి మాట ఒక్కటి కొట్టేసి వేరేది రాశాను. ఎర్ర సిరాతో దిద్దడం మా అలవాటు, కాని అది నీకు ఆనదని నల్ల సిరాతోనే దిద్దాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, పక్కకి చూస్తూ చదువుకో.

ఐ ఓవరెస్టిమేటెడ్ మై సిస్టర్.

ఇప్పుడు సరిగ్గా ఉంది.

నీ చెల్లెలు